నత్తల జన్మరహస్యం శోధించిన గున్నార్ థోర్సన్

సముద్రతీరానికి వెళ్ళి గవ్వలు ఏరుకోని బాలుడు అరుదు. చేతికందిన ఆ గవ్వ ఒకనాడు ఒక ప్రాణికి ఇల్లు. ఆ ప్రాణి ఏ ఋతువులో గుడ్లు పెట్టింది, దాని పిల్ల ఎక్కడ, ఎలా పెరిగింది అనే ప్రశ్న మాత్రం సామాన్యంగా ఎవరికీ తోచదు. ఆ ప్రశ్నకే జీవితాన్ని ధారపోసినవాడు డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు గున్నార్ థోర్సన్.

థోర్సన్ 1906 డిసెంబరు 31వ తేదీన జన్మించాడు. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం అభ్యసించాడు. 1931-34 సంవత్సరాల మధ్య ఈశాన్య గ్రీన్‌లాండులో పనిచేసిన డేనిష్ పరిశోధక బృందంలో ఆయన సభ్యుడు. అక్కడి సముద్రం ఏడాదిలో అధికభాగం మంచుతో కప్పబడి ఉంటుంది. నీటిలో తేలియాడే సూక్ష్మమైన నాచు వేసవిలో కొద్ది వారాలు మాత్రమే సమృద్ధిగా పెరుగుతుంది. చలికి డింభకాల ఎదుగుదల మందగిస్తుంది. అటువంటి చోట పసికూనలను నీటికి వదిలితే వాటికి ఆకలిచావు తప్పదు. అందుచేత అక్కడి నత్తలలో చాలా జాతులు పచ్చసొన నిండిన పెద్ద గుడ్లను కొద్ది సంఖ్యలో పెట్టి, గట్టి సంచులలో భద్రపరుస్తాయని థోర్సన్ గ్రహించాడు. సంచి నుండి వెలువడే పిల్ల అప్పటికే చిన్న నత్తయై అడుగున పాకుతుంది.

1937లో ఆయన ఇరాన్ తీరానికి వెళ్ళాడు. పగడపు దిబ్బలు గల ఆ వెచ్చని పర్షియన్ సింధుశాఖలో కథ వేరుగా కనిపించింది. ఇక్కడి నత్తలలో పెక్కు జాతులు అసంఖ్యాకంగా చిన్న గుడ్లు పెడతాయి. వాటి డింభకాలు నూగువంటి సన్నని వెంట్రుకలతో ఈదుతూ, నాచును తింటూ, ప్రవాహాల వెంట దూరతీరాలకు పోతాయి. వేలలో ఏ కొన్నియో బ్రతికి అడుగుకు చేరుకుంటాయి. అయితే అన్ని జాతులూ ఇలాగే చేయవు. దగ్గరి చుట్టాలైన రెండు జాతులలో ఒకటి ఈదే పిల్లలను, మరొకటి పాకే పిల్లలను కనడం కద్దు. పగడపు దిబ్బ అంతా ఒకే నివాసం కాదు. అలలు కొట్టే అంచు వేరు, ప్రశాంతమైన లోపలి మడుగు వేరు, ఇసుక పరచుకొన్న చోటు వేరు. గుడ్లు పెట్టే కాలమూ, సంతానాన్ని కాపాడే తీరూ నీటి వేడిమిని, ఆహారాన్ని, తావును బట్టి మారుతూ ఉంటాయి.

డెన్మార్కుకు, స్వీడనుకు మధ్యనున్న ఓరెసుండ్ జలసంధిలో ఆయన సాగించిన కృషి మరీ కష్టతరమైనది. డింభకానికి తల్లి పోలిక ఉండదు. వలలో చిక్కిన చుక్కంత ప్రాణి ఎవరి బిడ్డో తెలియాలంటే, ఓపికతో పెంచి చూడవలసిందే. ఈ శ్రమఫలం 1946లో బృహద్గ్రంథంగా వెలువడింది. 1950లో ప్రకటించిన సుప్రసిద్ధ వ్యాసంలో ఆయన తన పరిశీలనలన్నిటినీ ఒక సూత్రంలో గుచ్చాడు: ఉష్ణజలాలలో ఈదే డింభకాలు గల జాతులు అధికం, ధ్రువప్రాంతాలలో స్వల్పం. 1958లో హెల్సింగోర్ పట్టణంలో ఆయన సారథ్యాన సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాల వెలిసింది. షేక్‌స్పియరు హామ్లెట్ నాటకానికి రంగస్థలమైన ఎల్సినోర్ ఈ పట్టణమే. బంగాళాఖాతానికి ఆవల, థాయిలాండులోని పుకెట్ ద్వీపంలో అటువంటి కేంద్రమే నెలకొనడానికి కూడా ఆయన ప్రోత్సాహం కారణమైంది.

థోర్సన్ 1971 జనవరిలో కన్నుమూశాడు. అదే యేట రష్యన్ శాస్త్రజ్ఞుడు మిలైకోవ్‌స్కీ ఆ సూత్రానికి థోర్సన్ నియమమని పేరు పెట్టాడు. తరువాతి పరిశోధకులు దానిని యథాతథంగా స్వీకరించలేదు. అంటార్కిటికా జలాలలోనూ ఈదే డింభకాలు గల జీవులు పెక్కు ఉన్నాయని తేలింది. నత్తల విషయంలో మాత్రం ఆ నియమం చాలవరకు నిలిచింది. ఆ సవరణ వలన ఆయన కీర్తికి లోటు రాలేదు. ఆయన గీసి, వర్ణించి ఉంచిన డింభకాల ఆధారం లేనిదే ఆ నియమాన్ని పరీక్షించడం సైతం కష్టమయ్యేది. తన మాటను తానే సరిచూడగల సాధనాలను శిష్యుల చేతికిచ్చిపోయిన గురువు ఆయన.