నవ్విన నాపచేను పండించిన డాక్టర్ ఫోక్‌మన్

మన పెన్షనర్ మిత్రులలో రెటీనా జబ్బుకు కంటిలో ఇంజెక్షన్లు వేయించుకున్నవారు కొందరైనా ఉంటారు. కంటిలోకి సూది అనగానే గుండె గుభేలుమంటుంది. అయినా ఆ మందు పుణ్యమా అని పేపరు చదువుకోగలుగుతున్నవారు, మనుమల ముఖాలు పోల్చుకోగలుగుతున్నవారు ఉన్నారు. ఆ మందుకు బాట వేసినవారిలో ముఖ్యుడు డాక్టర్ జూడా ఫోక్‌మన్. ఆయన కంటి డాక్టరు కారు, పిల్లలకు ఆపరేషన్లు చేసే సర్జన్.

1933 ఫిబ్రవరి 24న అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో ఆయన జన్మించారు. తండ్రి యూదు మతగురువు. ఆస్పత్రులలో రోగులను పరామర్శించడానికి వెళ్లేటప్పుడు కొడుకును వెంట తీసుకుపోయేవారు. వైద్యుడు కావాలన్న కోరిక ఆ బాలునికి అక్కడే కలిగింది. 1957లో హార్వర్డ్‌లో వైద్యవిద్య ముగించారు.

1960-62 మధ్య నౌకాదళంలో పనిచేస్తూ ఒక ప్రయోగం చేశారు. జంతువు నుంచి వేరుచేసి ప్రాణంతో నిలిపి ఉంచిన థైరాయిడ్ గ్రంథిలో క్యాన్సర్ కణాలను పెట్టారు. కణితి గుండుసూది తలంత పెరిగి ఆగిపోయింది. వాటినే ఎలుకలో పెడితే విజృంభించి పెరిగాయి. కారణం ఏమిటా అని ఆలోచించారు. ఎలుకలో కణితికి కొత్త రక్తనాళాలు వచ్చాయి, విడిగా ఉన్న గ్రంథిలో రాలేదు. ఆ ఒక్క గమనికే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

1967లో, 34 ఏళ్ల వయసుకే, బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో ప్రధాన సర్జన్ అయ్యారు. ఈ ఆస్పత్రికీ మన తెలుగువారికీ ఒక బంధం ఉంది. 1947-48లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌కు మొదట వాడిన అమినోప్టెరిన్ మందు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అందించినదే.

1971లో ఫోక్‌మన్ తన సిద్ధాంతాన్ని ప్రకటించారు. కణితి ఒక రసాయన సంకేతం పంపి తనవైపు రక్తనాళాలను రప్పించుకుంటుందనీ, ఆ సంకేతాన్ని అడ్డగిస్తే కాలువ కట్టేసిన మడిలా అది పెరగలేకపోతుందనీ చెప్పారు. చాలామంది నమ్మలేదు. ఆ నాళాలు కేవలం వాపు వల్ల వచ్చినవన్నారు. సభల్లో ఆయన మాట్లాడుతుంటే లేచి వెళ్లిపోయినవారూ ఉన్నారు.

ఆయన మాటకు మాట చెప్పక ప్రయోగాలు చేశారు. కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరలో రక్తనాళాలు ఉండవు. కుందేలు కంటిలోని ఆ పొరలో కణితి ముక్కను పెడితే, అంచు నుంచి నాళాలు దానివైపే పాకుతూ వచ్చాయి. 1981లో ప్రధాన సర్జన్ పదవి విడిచి పరిశోధనకే అంకితమయ్యారు. 1984లో ఆయన ప్రయోగశాల సహచరులు అటువంటి సంకేత ప్రోటీన్ ఒకదానిని వేరుచేశారు. 1989లో నెపోలియోన్ ఫెరారా మరో ముఖ్యమైన ప్రోటీన్‌ను గుర్తించారు. దాని పేరు వి.ఇ.జి.ఎఫ్. రక్తనాళపు లోపలి కణాల మీద దానికి సరిపోయే గ్రాహకం ఉంటుంది. తాళంలో తాళంచెవి తిరిగినట్లు ప్రోటీన్ అక్కడ అతుక్కోగానే కణం రెండుగా విడివడుతుంది, నాళం కొత్త కొమ్మ వేస్తుంది.

1998లో ఆయన ప్రయోగశాల మందులు ఎలుకలలో కణితులను కరిగించాయన్న వార్త పత్రికలకెక్కింది. క్యాన్సర్‌కు మందు వచ్చేసిందని లోకం సంబరపడింది. అది ఎలుకల మాటే, మనుషులలో ఇంకా రుజువు కాలేదని ఆయనే హెచ్చరించారు. ఆ మందులు మనుషులలో ఆశించినంత ఫలితం ఇవ్వలేదు కూడా.

అయితే ఆలోచన వమ్ము కాలేదు. 2004లో వి.ఇ.జి.ఎఫ్.ను పట్టి ఆపే బెవాసిజుమాబ్ మందును పెద్దపేగు క్యాన్సర్‌కు అమెరికా అనుమతించింది. అది క్యాన్సర్‌ను మాయం చేయదు, ఇతర మందులతో కలిపి ఇస్తే రోగి ఆయుష్షును కొన్ని నెలలు పొడిగిస్తుంది. కంటి జబ్బులో మేలు ఇంకా స్పష్టంగా కనిపించింది. వృద్ధాప్యంలో కొందరికి రెటీనా కింద అక్కరలేని నాళాలు పుట్టి, స్రవించి, చూపు చెరుపుతాయి. అదే సంకేతాన్ని ఆపే రానిబిజుమాబ్‌కు 2006లో అనుమతి వచ్చింది. బెవాసిజుమాబ్‌నే చిన్న మోతాదులో కంటికి వాడడమూ మొదలైంది.

2008 జనవరి 14న, ఒక శాస్త్రసభకు ప్రయాణంలో ఉండగా, డెన్వర్ విమానాశ్రయంలో గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. వయసు 74. నోబెల్ బహుమతి రాలేదు. కానీ తన ఆలోచన మందుగా మారి రోగులకు చేరడాన్ని కళ్లారా చూశారు.

నవ్విన నాపచేను పండుతుందని మన పెద్దలన్నారు. అయితే దానంతట అది పండదు. నవ్వులు భరిస్తూ ముప్పయ్యేళ్లకు పైగా దున్నినవాడు ఒకడుండాలి. కంటి చికిత్సకు వెళ్లే మిత్రులు ఆ వైద్యుణ్ణి ఒక్క క్షణం తలుచుకుంటే చాలు.