పసిపిల్లల లెక్క - పూర్ణమ్మ పాట
(గురజాడ అప్పారావుగారి జీవితం)

బాల్యం మీద పాటలు అనగానే మనకు జోలపాటలు, చిన్నికృష్ణుని అల్లరి, వెన్నముద్దలు గుర్తుకు వస్తాయి. సినిమా పాటల్లో అయితే కాగితపు పడవలు, మామిడితోపులు. ఆ వరుసలో గురజాడ అప్పారావుగారి పేరు ఎవరూ చెప్పరు. ఆయన అనగానే గిరీశం, మధురవాణి, దేశభక్తి గేయం అంటాము. అయినా, పోగొట్టుకొన్న బాల్యాన్ని గురించి ఆయనలా కదిలించేటట్లు వ్రాసిన కవి తెలుగులో మరొకరు లేరని నా అభిప్రాయం. ఈ ప్రత్యేక సంచికలో ఆయన్ని తలచుకోవడానికి అదే కారణం.

అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న యలమంచిలి దగ్గర రాయవరంలో మేనమామగారింట జన్మించారు. బాల్యం మాత్రం చీపురుపల్లిలో గడిచింది. పాత ఉద్యోగ మిత్రులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడే వరకు చీపురుపల్లి తాలూకా మన శ్రీకాకుళం జిల్లాలోనిదే. ఆ తాలూకాఫీసులో నేనూ కొంతకాలం పనిచేశాను. అందుచేత ఆయన్ని మా పిల్లవాడే అనుకోవడంలో నాకేమీ మొగమాటం లేదు.

పై చదువుకు విజయనగరం చేరారు. మహారాజావారి కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రిగారు ఈ కుర్రవాణ్ణి చేరదీసి తమ ఇంటనే భోజనం, వసతి ఏర్పాటు చేశారు. అక్కడి సహాధ్యాయి గిడుగు రామమూర్తిగారు. గిడుగువారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరారు. నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడి పోయే చిన్న రైలు 1900లో వచ్చింది. మనలో చాలామంది ఎక్కిన రైలే అది. ఆ దారి చివర ఒకరు, విజయనగరంలో ఒకరు కూర్చుని, మనం ఇంట్లో మాట్లాడుకునే తెలుగును బడిలోకీ పుస్తకంలోకీ తేవడానికి పాటుపడ్డారు.

1886లో బి.ఏ. పూర్తిచేసిన అప్పారావుగారు కొంతకాలం డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ గుమాస్తాగా పనిచేశారు. మన సంఘం సభ్యులు ఈ సంగతి గర్వంగా చెప్పుకోవచ్చును. 1887లో మహారాజా కళాశాలలో అధ్యాపకులయ్యారు. ఆనంద గజపతి మహారాజావారి ఆదరణ లభించింది. తరువాత సంస్థానంలో శాసనాల పరిశోధన, రీవా మహారాణిగారి వద్ద కార్యదర్శి పని, ఏళ్ళ తరబడి సాగిన కోర్టు వ్యవహారాలు. ఆరోగ్యం అంతంతమాత్రం. ఆ వివరాలన్నీ ఇక్కడ అవసరం లేదు.

అవసరమైనది ఒక జాబితా. ఆ రోజుల్లో ఆడపిల్లను డబ్బు పుచ్చుకొని పెళ్ళి చేసే ఆచారం బ్రాహ్మణ కుటుంబాల్లో బాగా ఉండేది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన అటువంటి పెళ్ళిళ్ళ లెక్క మహారాజావారు తీయించారు. మొత్తం 1034 తేలాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. ఇవి కన్యాశుల్కం మొదటి కూర్పు పీఠికలో అప్పారావుగారు ఇచ్చిన అంకెలు. పలాస, టెక్కలి అప్పట్లో గంజాం జిల్లాలోనివి కాబట్టి మన ఊళ్ళు ఆ లెక్కలోకి రాలేదు. లెక్కకు రాలేదు గాని పెళ్ళిళ్ళు జరగలేదా!

మనమంతా జీవితమంతా జాబితాలు వ్రాసినవాళ్ళమే. ఓటర్ల జాబితా, తుపాను నష్టాల జాబితా, పింఛన్ల జాబితా. వయసు గడిలో ఒకటి అని వేసిన ఆ గుమాస్తా ఎవరో, అతని కలం ఒక్క క్షణమైనా ఆగిందో లేదో అని నేను అప్పుడప్పుడు ఆలోచిస్తూ ఉంటాను.

అప్పారావుగారి కలం మాత్రం ఆ అంకెల దగ్గరే ఆగిపోయింది. ముందు నాటకం వచ్చింది. 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. అందులో లోకాన్ని నవ్వించారు. 1910లో ముత్యాల సరాలు మొదలుపెట్టి, పండితుల ఛందస్సు పక్కన పెట్టి, నోటికి ఇట్టే పట్టే పాట బాణీలో కవిత్వం వ్రాశారు. పూర్ణమ్మ కథ ఆ కోవలోనిదే.

పూర్ణమ్మ పూజారిగారి పిల్ల. తోటలో చెట్లతో, పువ్వులతో పెరిగింది. ఏ కాలంలో పూసిన పువ్వు ఆ కాలంలో కోసి దుర్గమ్మకు పెట్టడం ఆమె ఆట, ఆమె పూజ. తల్లిదండ్రులు డబ్బుకు ఆశపడి ముసలివాడికిచ్చి పెళ్ళిచేశారు. మగడు తీసుకుపోవడానికి వచ్చాడు. చీరా సొమ్ములూ పెట్టి, పెద్దలు దీవించారు. పూర్ణమ్మ ఎవరినీ నిందించదు. అన్నదమ్ములను పిలిచి, అందరూ కూడి సంతోషంగా ఉన్నప్పుడు తనను తలచుకొమ్మంటుంది, మీకు ఆడపిల్ల పుడితే నా పేరు పెట్టుకోండి అంటుంది. సాయంకాలం దుర్గ గుడికి వెళ్తుంది. ఆవులూ పెయ్యలూ ఇళ్ళకు చేరాయి, పూర్ణమ్మ రాలేదు. నాటకంలో అంత నవ్వించిన మనిషి ఇక్కడ ఒక్కరిపైనా కేక వేయడు. తోట, అన్నదమ్ములు, పువ్వులు - ఇంతే చూపించి ఊరుకుంటాడు. జాబితాలో అంకెగా మిగిలిన పిల్లకు ఒక పేరు, ఒక తోట ఇచ్చాడు.

1913లో అప్పారావుగారు ఉద్యోగ విరమణ చేశారు. పెన్షనరుగా మనలాగ మందులూ, వైద్యులూ. అయినా 1914లో వాడుక భాష తరఫున మద్రాసు విశ్వవిద్యాలయానికి పెద్ద అసమ్మతి పత్రం వ్రాసి ఇచ్చారు. 1915 నవంబరు 30న కన్నుమూశారు. బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం వచ్చింది 1929లో.

పూర్ణమ్మ పాట మాత్రం ఆగలేదు. ఘంటసాలగారు గ్రామఫోను రికార్డుకు పాడారు. మా ఉద్దానంలో, కొబ్బరి తోటల మధ్య, కథ చదవలేనివాళ్ళకు కూడా ఆ పాట వచ్చును. ఉద్దానం అంటే ఉద్యానమేనని పెద్దలంటారు. పూర్ణమ్మ తోట ఎలా ఉంటుందో మా వాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు.

మా నాయనమ్మకు పెళ్ళినాటి వయసు ఎంతో తెలియదు. పాలపళ్ళు ఊడుతున్న రోజులని మాత్రం చెప్పేది. మా అక్క బడిలో నేర్చుకొన్న ఆ పాటను సాయంకాలం అరుగు మీద పాడుతుంటే, పువ్వులు కోసే ఘట్టం మళ్ళీ మళ్ళీ పాడించుకొనేది. అన్నదమ్ములను పిలిచే చోటికి వచ్చేసరికి, దూడను కట్టాలని చెప్పి పెరట్లోకి వెళ్ళిపోయేది. దూడ అప్పటికే కట్టి ఉండేది.