బోరింగు పిడి తీయించిన వైద్యుడు – డాక్టర్ జాన్ స్నో (1813–1858)

ఈసారి మనము కలరా పుట్టుకను వెదకి పట్టుకొన్న ఒక వైద్యుని జీవితమును తెలుసుకొందాము.

జాన్ స్నో 1813 మార్చి 15న ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో ఒక కూలివాని ఇంట, తొమ్మిదిమంది పిల్లలలో పెద్దవాడుగా జన్మించారు. 14 ఏండ్ల వయస్సులో న్యూకాజిల్‌లో ఒక వైద్యుని దగ్గర పని నేర్చుకొనుటకు చేరారు. 1831–32లో కలరా వచ్చినప్పుడు బొగ్గుగని కార్మికులకు వైద్యం చేశారు. యౌవనములోనే మద్యము మానుకొన్నారు. తరువాత లండను చేరి మత్తుమందు ఇచ్చుటలో పేరు పొందారు. 1853లో విక్టోరియా రాణి ప్రసవ సమయమున క్లోరోఫాం ఇచ్చినది ఆయనే.

ఆ రోజులలో కలరా దుర్గంధపు గాలివలన వచ్చునని పెద్ద పెద్ద వైద్యులే నమ్మేవారు. అది త్రాగే నీటివలన వచ్చునని స్నో 1849లోనే వ్రాశారు. ఎవరూ లక్ష్యపెట్టలేదు.

1854 ఆగష్టు ఆఖరున లండనులోని సోహోలో కలరా విరుచుకుపడింది. పది దినములలో 500 మందికి పైగా చనిపోయారు. స్నో ఇల్లిల్లు తిరిగి, చనిపోయినవారు ఏ నీళ్లు త్రాగారో విచారించారు. చాలామంది బ్రాడ్ వీధి బోరింగు నీళ్లే త్రాగారు. దగ్గరలోనే ఉన్న అనాథల వసతిగృహానికి సొంత బావి ఉంది. అక్కడ చావులు బహు కొద్ది. స్నో మాట విని అధికారులు సెప్టెంబరు 8న బోరింగు పిడి తీసివేయించారు. అప్పటికే అనేకులు ఇండ్లు విడిచిపోగా, రోగము తగ్గుముఖం పట్టింది. గనుక పెద్దల సందేహం తీరలేదు.

ఇక్కడ ఒక దైవసేవకుని సంగతి మనము మరువరాదు. ఆ పేటలోని సెయింట్ లూక్ సంఘ సహాయ గురువు హెన్రీ వైట్‌హెడ్ మొదట స్నో మాటను నమ్మలేదు. అది తప్పని రుజువు చేయాలనే తన సంఘస్థుల ఇండ్లకు మరల మరల వెళ్లారు. విచారించినకొద్దీ స్నో చెప్పినదే నిజమని తేలింది. ఒక పసిబిడ్డకు విరేచనాలు కాగా, ఆ గుడ్డలు ఉతికిన నీళ్లు బావి ప్రక్కనున్న మురుగుగుంటలో పోశారు. అది బావిలోనికి ఊరింది. గురువుగారు తన అభిప్రాయమును విడిచి, స్నో పక్షమున సాక్ష్యమిచ్చారు.

స్నో 1858 జూన్ 16న, 45 ఏండ్లకే కన్నుమూశారు. కలరా క్రిమిని రాబర్ట్ కోహ్ 1884లో మన కలకత్తాలో స్పష్టంగా గుర్తించేనాటికి ఆయన లేరు.

ప్రియులారా, మనము నివసించే కాలనీలలో కుళాయి గొట్టము మురుగుకాలువ ప్రక్కనే పోవుట చూస్తూనే ఉన్నాము. నీరు కాచి త్రాగుదాము. పొరుగింట విరేచనాలని తెలిస్తే ప్రార్థనతోపాటు, ఏ నీళ్లు త్రాగుతున్నారని కూడా అడుగుదాము. ఇల్లిల్లు దర్శించే సంఘమునకు ఈ పని కష్టము కాదు.