సాలూరి వారి సర్వీసు

ప్రత్యేక సంచికకు ఒక గొప్పవారి జీవితం రాయమని మన సంఘం వారు కోరినప్పుడు నాకు సంగీత దర్శకులు సాలూరి రాజేశ్వరరావు గారు గుర్తుకొచ్చారు. వారే ఎందుకో చివర మనవి చేస్తాను.

వారు 1922లో సాలూరు దగ్గర శివరామపురంలో జన్మించారు. తండ్రి సన్యాసిరాజు గారు ద్వారం వెంకటస్వామినాయుడు గారి కచేరీలకు మృదంగం వాయించినవారు. రాజేశ్వరరావు గారు చిన్నతనంలోనే గ్రామఫోను రికార్డులకు పాడారు. 1935లో 'శ్రీకృష్ణ లీలలు' చిత్రంలో కృష్ణుడి వేషం వేశారు. తర్వాత కలకత్తా వెళ్ళి పంకజ్ మల్లిక్, సైగల్ వంటి వారి మధ్య మెలిగి వంగదేశపు పాట పోకడ తెలుసుకున్నారు.

అటుపిమ్మట మద్రాసులో వాసన్ గారి జెమినీ స్టూడియోలో చేరారు. ఆ రోజుల్లో స్టూడియో అంటే మన ఆఫీసు వంటిదే. వాద్యకారులు, సంగీత దర్శకులు అందరూ నెలజీతగాళ్ళే. ఎం.డి.పార్థసారథి గారితో పాటు అక్కడ పనిచేసి 'బాలనాగమ్మ' (1942), 'చంద్రలేఖ' (1948) చిత్రాలకు సంగీతం కూర్చారు.

జెమినీ విడిచాక 1951లో 'మల్లీశ్వరి' వచ్చింది. దానికి వాద్యబృందాన్ని అద్దేపల్లి రామారావు గారు తీర్చిదిద్దారు. 1955లో 'మిస్సమ్మ' వచ్చింది. దాన్ని హిందీలో తీసినప్పుడు హేమంత్ కుమార్ గారు అందులోని ఒక బాణీని అలాగే ఉంచుకున్నారు.

ఇక 'మాయాబజార్' (1957). నాది జనగామ. చిన్నతనంలో టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు మీద ఆ సినిమా చూశాను. తెర మీద సంగీతం ఘంటసాల గారిదని పడింది. నిజానికి మొదట ఆ పనికి కుదిరింది సాలూరి వారు. నాలుగు పాటలకు బాణీలు కట్టి, మధ్యలో తప్పుకున్నారు. మిగతా పాటలు, నేపథ్య సంగీతం ఘంటసాల గారు పూర్తిచేశారు. వెన్నెల్లో పడవ పాట బాణీ సాలూరి వారిదే.

ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మానుకోటలో గుమాస్తాగా ఉండగా ఒక గ్రామం పహాణీ లెక్కలు నెలల తరబడి సరిచేశాను. పని సగంలో ఉండగా భూపాలపల్లికి బదిలీ అయింది. నా తర్వాత వచ్చినాయన పూర్తిచేసి సంతకం పెట్టారు. అది తప్పేమీ కాదు, పద్ధతే. అయినా ఏళ్ళ తరబడి మనసులో ముల్లులా ఉండేది. సాలూరి వారి కథ తెలిశాక ఆ ముల్లు మెత్తబడింది.

వారు ఆ తర్వాత కూడా 'భీష్మ' (1962), 'పూజాఫలం' (1964), 'భక్త ప్రహ్లాద' (1967) వంటి ఎన్నో చిత్రాలకు పనిచేశారు. 1992లో రఘుపతి వెంకయ్య పురస్కారం అందుకున్నారు. 1999 అక్టోబరులో కన్నుమూశారు. కుమారుడు కోటి గారు కూడా సంగీత దర్శకులే.

మొన్న మా మనవరాలు సెల్‌ఫోనులో ఆ పడవ పాట పెట్టింది. బాణీ ఎవరిదమ్మా అంటే ఘంటసాల గారిదని చెప్పింది. పక్కన కూర్చోబెట్టుకుని పై కథంతా చెప్పాను. మీరూ మీ ఇంట్లో పిల్లలకు చెప్పగలరని మనవి.