డోర్నకల్ బిషప్ అజరయ్యగారు

ప్రత్యేక సంచికకు ఎవరైనా పెద్దల జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు అడగగానే నాకు డోర్నకల్ జంక్షన్ గుర్తుకొచ్చింది. సర్వీసులో నాలుగేళ్ళు అక్కడ పనిచేశాను. డ్యూటీ దిగాక వెళ్ళి పెద్ద చర్చి ఆవరణలో కూర్చునేవాణ్ణి. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, సిలువ అన్నీ ఒకే కట్టడంలో కనిపిస్తాయి. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తెలుగువారు కారు.

ఆయన 1874లో తిరునల్వేలి ప్రాంతంలో ఒక పల్లెటూరి పాదిరీగారి ఇంట పుట్టారు. 1909లో మిషనరీగా నైజాం రాజ్యంలోని డోర్నకల్ చేరి, తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

నన్ను ఆకట్టుకున్నది పదవి కాదు, పని తీరు. సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది ఊరి చివర పేటల్లోని కూలీలు. అయినా ఆయన నియమాలు సడలించలేదు. తాగుడు మానాలి, కులభేదం వదలాలి. పేదవారైనా సంఘానికి తమ వంతు ఇవ్వాల్సిందే. ఈ ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. కూలివాడి దగ్గర చందా ఏమిటని మనకనిపిస్తుంది. ఇచ్చే చెయ్యి ఎవరి ముందూ తలవంచదని ఆయన లెక్క కాబోలు.

అంత గట్టి మనిషి కచేరీలో కూర్చుని ఉత్తర్వులు పంపలేదు. ఎడ్లబండి మీద పల్లెపల్లెకూ తిరిగారు. పాదిరీ చదువుకు వచ్చినవారి భార్యలకు కూడా డోర్నకల్‌లో శిక్షణ ఉండేది. ఆ పనిలో ఆయన భార్య అన్బు మరియమ్మాళ్‌గారి పాత్ర పెద్దది. దొరలైన మిషనరీలతో కూడా మొహమాటపడలేదు. 1910లో ఎడింబరో మహాసభలో, మీరు త్యాగం చేశారు సరే, మాకు స్నేహం కూడా కావాలని అర్థం వచ్చేలా నిలబడి అడిగారు. తాను అడిగిన ఆ స్నేహాన్నే తన కిందివారికి ఇచ్చారు.

1919 నుంచి సంఘాల ఐక్యతకు పాటుపడ్డారు గానీ, 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడడం చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

నేనక్కడ ఉండగా తాగి డ్యూటీకొచ్చిన ఒక పాయింట్స్‌మన్‌కు ఛార్జిషీటు రాశాను. రైలుబండి విషయంలో అది తప్పదు, ఇప్పుడైనా రాస్తాను. కానీ అతని క్వార్టరు మా వెనక లైన్లోనే. సస్పెన్షన్‌లో ఉన్న మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఆ గుమ్మం తొక్కలేదు. చర్చికి మాత్రం రోజూ ఆ దారినే వెళ్ళేవాణ్ణి.