జేమ్సు పార్కిన్సను

పెద్దవారి చేయి వణకిన వయోధర్మమని తలచి యూరకుండుట మన యిండ్లలో వాడుక. ఆ వణకులలో ఒకదానిని ప్రత్యేకరోగముగా గుర్తించి లోకమునకు చూపిన జేమ్సు పార్కిన్సను చరిత్రము తెలిసికొనదగినదని మా యభిప్రాయము.

ఆయన 1755 ఏప్రిలు 11 వ తేదీన లండను శివారగు హాక్స్‌టనులో జన్మించెను. తండ్రియు వైద్యుడే. పార్కిన్సనునకు విశ్వవిద్యాలయమున పీఠము లేదు. తండ్రివలెనే ఆ పేటలో చికిత్స చేయుచు కాలము గడపెను.

బీదల యిక్కట్టులెరిగిన యీ వైద్యుడు పార్లమెంటు సంస్కరణమును కోరుచు మారుపేరుతో కరపత్రములు వ్రాసెను. 1794 లో, మూడవ జార్జి రాజును విషబాణముతో చంప కుట్ర పన్నిరని ఆయన సహచరులపై నేరము మోపబడగా, ప్రీవీ కౌన్సిలు ఆయనను పిలిపించి ప్రశ్నించెను. తన్ను దోషిగా జేయు ప్రశ్నలకు బదులీయ నక్కరలేదను హామీ పొందిన పిదపనే ఆయన సాక్ష్యమిచ్చెను. న్యాయవాదులమగు మాకు ఈ ఘట్టము మిగుల ప్రియమైనది.

శిలాజములపై మూడు సంపుటములు వ్రాసి, 1807 లో లండను భూగర్భశాస్త్ర సంఘమును స్థాపించినవారిలో ఒకడయ్యెను. వస్తువును ఓపికతో పరిశీలించు ఆ యలవాటే 1817 లో వైద్యమునకు అక్కరకు వచ్చెను. వణకుడు వాతమును గూర్చి ఆయన వ్రాసిన చిన్న గ్రంథమున ఆరుగురు రోగులు మాత్రమే కలరు. వారిలో ఇద్దరు వీధిలో ఎదురుపడినవారు. ఒకనిని దూరమునుండియే చూచెను. ఊరక యుంచిన చేయి వణకుట, నడుము ముందునకు వంగుట, నడక తనంత పరుగుగా మారుట ఆయన కంటబడెను. కారణము తేలలేదని యొప్పుకొని, ఇతరులు పరిశోధింపవలెనని కోరెను. మెడవద్ద రక్తము తీయుడని ఆయన సూచించిన చికిత్స నిలువలేదు, వర్ణన నిలిచినది.

1824 డిసెంబరు 21 న ఆయన మరణించెను. తరువాత సుమారు అర్ధశతాబ్దికి ఫ్రెంచి వైద్యుడు షార్కో, రోగులందరును వణకరనియు, ఇది నిజమైన పక్షవాతము కాదనియు వాదించి, ఈ రోగమును పార్కిన్సను పేర పిలువవలెననెను. రోగుల మెదడులో డోపమైను అను పదార్థము తరిగియుండునని 1960 లో వియన్నా పరిశోధకులు ప్రకటించిరి. ఆ లోటు తీర్చు లెవోడోపా వాడుకలోనికి వచ్చెను. ఆ పదార్థమునే 1937 లో దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు మన చెన్నపట్టణమున దూలగొండి గింజలనుండి వేరుచేసియుండిరి. అది ఈ రోగమునకు మందగునని అప్పుడెవరును ఎరుగరు.

లెవోడోపా ఉపశమన మిచ్చునేగాని రోగమును సమూలముగ మాన్పదు. రోగమని గుర్తింపనిచో ఆ యుపశమనమును దొరకదు. పార్కిన్సను వీధిలో అపరిచితుల నడకను గమనించెను. మనము ఇంటి పెద్దల నడకనైనను గమనించి, వయస్సను మాటతో సరిపుచ్చక, వైద్యునికి చూపవలెనని మేము కోరుచున్నాము.