అయిదు గినీల తీర్పు

1917లో ట్రినిడాడ్ ద్వీపపు ముఖ్యపట్టణమైన పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఒక న్యాయవాదుల కార్యాలయంలో పదహారేళ్ల ప్రాయపు నల్లజాతి బాలుడొకడు గుమాస్తాగా చేరాడు. చట్టంతో అతనికి అదే తొలి పరిచయం. ఎన్నాళ్లు పనిచేసినా గుమాస్తాగా మిగలవలసిందే గాని వకీలు కావడం కల్ల అని ఆనాడు అందరికీ తెలిసిన సంగతే. పైచదువుకు ధనం లేదు. ఉన్నా, చర్మపు రంగు అడ్డు. అట్టి బాలుడు ముప్పైయేడేళ్ల పిమ్మట లండన్‌లో బారిస్టరయ్యాడు. ఆ దూరాన్ని అతని చేత దాటించినది క్రికెట్టు ఆట. అతడే లియరీ కాన్‌స్టంటైన్.

1901 సెప్టెంబరు 21న జన్మించిన కాన్‌స్టంటైన్ పూర్వులు బానిసలు. తండ్రి లెబ్రన్ కోకో తోటలో మేస్త్రీ. అంతకు మించి పేరుపొందిన క్రికెట్టు ఆటగాడు. 1900లో వెస్టిండీస్ జట్టుతో ఇంగ్లండు వెళ్లి లార్డ్స్ మైదానంలో శతకం సాధించినవాడు. కొడుక్కు ఆయన ఇచ్చిన ఆస్తి ఆటే. 1928లో అదే లార్డ్స్‌లో మిడిల్‌సెక్స్ జట్టుపై కాన్‌స్టంటైన్ మొదట 86 పరుగులు తీశాడు. పిదప 57 పరుగులిచ్చి ఏడు వికెట్లు పడగొట్టాడు. చివరకు సుమారు గంటసేపట్లో 103 పరుగులు చేసి ఓడిపోవలసిన ఆటను గెలిపించాడు. చూసినవారు ఆ మాట జీవితాంతం చెప్పుకున్నారు.

ఆ కీర్తి అతనికి లాంకషైర్‌లోని నెల్సన్ అనే నేత మిల్లుల పట్టణంలో ఉద్యోగం తెచ్చిపెట్టింది. 1929 నుంచి 1937 వరకు తొమ్మిది సంవత్సరాలు అక్కడ జీతానికి ఆడాడు. అందులో ఏడుసార్లు నెల్సనే లీగు విజేత. నల్లవారిని ఎరుగని ఆ ఊళ్లో మొదట వింత చూపులూ, ఆకాశరామన్న ఉత్తరాలూ ఎదురైనా, భార్య నార్మాతో కలిసి అక్కడే ఇల్లు నిలుపుకొని కాన్‌స్టంటైన్ ఊరివాడైపోయాడు. చలికాలంలో ఆట ఉండదు. ఆ తీరికలో చట్టం పుస్తకాలు ముందు వేసుకునేవాడు. 1932లో స్వదేశం నుంచి వచ్చి ఆ ఇంట బసచేసిన రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్ సాహచర్యం కూడా అతని ఆలోచనలకు పదును పెట్టింది. 1934లో ఈ ఆటగాడు మన సికిందరాబాదు వచ్చి మొయినుద్దౌలా బంగారు కప్పు పోటీలలో ఆడి వెళ్లిన సంగతి ఈనాటి మన విద్యార్థులలో ఎందరికి తెలుసు?

రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయుధ కర్మాగారాలలో పనిచేయడానికి వెస్టిండీస్ నుంచి కొన్ని వందలమంది ఇంగ్లండు చేరారు. అత్యధికులు యువకులు. వారి క్షేమం చూడడానికి ప్రభుత్వ కార్మిక శాఖ కాన్‌స్టంటైన్‌ను లివర్‌పూల్‌లో అధికారిగా నియమించింది. నల్లవాణ్ణి పనిలోకి తీసుకోనన్న యజమానితో, పక్కన నిలబడి పనిచేయమన్న కార్మికులతో, గది ఇవ్వనన్న ఇంటివారితో రోజూ మంతనాలే. వికెట్లు తీయడం కంటె ఈ పని కష్టమైనదని నా అభిప్రాయం. ఇందులో చప్పట్లు లేవు.

ఇతరుల కోసం రోజూ తీర్చే తగవు 1943 జులై చివర తన గుమ్మానికే వచ్చింది. లార్డ్స్‌లో ఆట నిమిత్తం భార్యతోను, కుమార్తె గ్లోరియాతోను లండన్‌లోని ఇంపీరియల్ హోటలుకు వెళ్లాడు. నాలుగు రాత్రులకు గదులు ముందే ఖాయం చేసుకున్నాడు. తీరా వెళ్లాక, ఒక్క రాత్రి మాత్రమే ఉండవచ్చుననీ, నల్లవారుంటే అమెరికను అతిథులకు నచ్చదనీ హోటలువారు చెప్పారు. అక్కడ రభస చేయక కాన్‌స్టంటైన్ కుటుంబంతో వేరొక హోటలుకు వెళ్లాడు. తరువాత దావా వేశాడు.

జాతివివక్షను నిషేధించే శాసనమేదీ ఆనాడు ఇంగ్లండులో లేదు. మరి దావా దేనిమీద నిలిచింది? గది ఖాళీగా ఉండి, బాటసారి సొమ్ము చెల్లించగల మర్యాదస్తుడైతే, తగిన కారణం లేనిదే సత్రం యజమాని అతన్ని కాదనరాదన్నది పూర్వపు తీర్పుల పరంపరలో వచ్చిన ప్రాచీన న్యాయం. గుర్రాలపై ప్రయాణించే రోజుల్లో పుట్టిన ఆ సూత్రమే ఇప్పుడు పనికివచ్చింది. 1944 జూన్‌లో న్యాయమూర్తి బిర్కెట్ హోటలుది తప్పని తీర్పు చెప్పాడు. అయితే జరిగిన అవమానానికి తగినంత సొమ్ము ఇప్పించడానికి చట్టం ఆయనకు దారి చూపలేదు. ఇప్పించినది అయిదు గినీలు, అనగా అయిదు పౌండ్ల అయిదు షిల్లింగులు. కాన్‌స్టంటైన్ సొమ్ము కోసం కోర్టుకెక్కలేదు గనుక ఆయనకది విజయమే. కాని సత్రపు సూత్రం సత్రానికే పరిమితం. అద్దె ఇంటికి, ఉద్యోగానికి వర్తించదు. పైగా పేరూ ప్రతిష్ఠా లేని లివర్‌పూల్ కార్మికుడు ఎవరి అండతో దావా వేయగలడు?

1954లో మిడిల్ టెంపుల్‌లో బారిస్టరు పట్టా అందేసరికి ఆయన వయస్సు యాభైరెండు దాటింది. జాతివివక్షపై ‘కలర్ బార్’ అన్న పుస్తకాన్నీ ఆ యేడే ప్రకటించాడు. యౌవనంలో తాను గుమాస్తాగా పనిచేసిన ట్రినిడాడ్ చమురు కంపెనీకే సహాయ న్యాయ సలహాదారుగా తిరిగి వెళ్లాడు. తరువాత శాసనసభ్యత్వం, మంత్రి పదవి వచ్చాయి. రాజకీయాలు ఆయనకు అంతగా అచ్చినట్లు తోచదు.

ట్రినిడాడ్ హైకమిషనరుగా లండన్‌లో ఉండగా, 1963లో, బ్రిస్టల్ బస్సు కంపెనీ నల్లవారిని, ఆసియావారిని కండక్టర్లుగా చేర్చుకోనన్నది. యువకుడైన పాల్ స్టీఫెన్‌సన్ నాయకత్వాన ప్రజలు బస్సులను బహిష్కరించారు. రాయబారి మౌనం వహించాలన్న మర్యాదను పక్కన పెట్టి కాన్‌స్టంటైన్ వారి పక్షాన మాట్లాడాడు. కంపెనీ దిగివచ్చింది, శ్వేతేతరులలో మొదటి కండక్టరుగా చేరినవాడు ఒక సిక్కు. స్వదేశ ప్రభుత్వానికి మాత్రం ఈ జోక్యం రుచించలేదు. 1964లో ఆయన ఆ పదవి విడిచాడు.

1965లో బ్రిటన్ పార్లమెంటు చేసిన జాతి సంబంధాల చట్టం హోటళ్లవంటి బహిరంగ స్థలాలలో వివక్షను నిషేధించింది. దాని అమలుకై 1966లో ఏర్పడిన ముగ్గురు సభ్యుల సంఘంలో కాన్‌స్టంటైన్ ఒకడు. ఆ సంఘానికి రాజీ కుదర్చడమే గాని శిక్షించే అధికారం లేదు. ఆయన మెత్తనివాడని కొందరు నల్లజాతి యువకులు విసుక్కున్నారు కూడా. ఉద్యోగాలకు, ఇళ్లకు చట్టం వర్తించడం 1968లో గాని జరగలేదు. నడుమ 1967లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆయనను తమ రెక్టరుగా ఎన్నుకున్నారు. 1969లో ప్రభువుల సభలో స్థానం లభించింది. ఆ సభలో కూర్చున్న తొలి నల్లజాతీయుడు ఆయనే. బిరుదులో రెండు ఊళ్ల పేర్లు చేర్చుకున్నాడు: బాల్యం గడిచిన మరవల్, జీతానికి ఆడిన నెల్సన్.

1971 జులై 1న లండన్‌లో కన్నుమూశాడు. భౌతికకాయాన్ని ట్రినిడాడ్‌కు తీసుకుపోయి ప్రభుత్వ లాంఛనాలతో అరూకాలో ఖననం చేశారు. మరి రెండు నెలలకు నార్మా కూడా మరణించింది.